మజిలీలు ముందు, దారి తర్వాత

ఇల్లు ఎత్తేసి, సొంత కారులో హైదరాబాద్ నుంచి దిల్లీ బయల్దేరే కుటుంబాలకు...

మార్చి పరీక్షలు ముగిసి పిల్లల చేతికి టీసీలు వచ్చింది మొదలు జూన్‌లో బడులు తెరిచేదాకా హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల ముందు లారీలు ఆగుతూనే ఉంటాయి. బ్యాంకు ఉద్యోగికి బదిలీ ఆర్డరు వస్తుంది. కేంద్ర సర్వీసులో ఉన్నవారికి దిల్లీ పోస్టింగు పడుతుంది. ఐటీలో ఉన్నవారికి గురుగ్రామ్‌లోనో నోయిడాలోనో కొత్త కొలువు దొరుకుతుంది. సామాను సంగతి ప్యాకర్స్ అండ్ మూవర్స్ చూసుకుంటారు. మనుషులకు విమానం ఉంది, రైలు ఉంది. ఇంట్లో చర్చంతా కారు దగ్గర మొదలవుతుంది. ట్రెయిలర్ ఎక్కించి పంపేయొచ్చు, నిజమే. కానీ లారీకి అప్పగించడానికి మనసొప్పనివి ప్రతి ఇంట్లోనూ కొన్ని ఉంటాయి. బంగారం, ఆస్తి కాగితాలు, నాయనమ్మ మందులు, కొత్త ఆవకాయ, పిల్లలు వదలని కుక్క. చివరికి 'మనమే నడుపుకుంటూ వెళ్దాం' అన్న మాట ఖాయమవుతుంది.

ఆ రాత్రే ఫోన్‌లో మ్యాపు తెరుస్తారు. మియాపూర్ నుంచి గురుగ్రామ్ అని కొడితే పదిహేను వందల కిలోమీటర్లు దాటిన నీలం గీత ఒకటి, పక్కన పాలిపోయిన గీతలు ఒకటో రెండో వస్తాయి. నీలం గీతకు గంటలు తక్కువ కాబట్టి దారి తేలిపోయిందనుకుంటారు. 'ఇద్దరం మార్చుకుంటూ నడిపితే రెండ్రోజులు' అని లెక్క కూడా వేసేస్తారు.

నా అభ్యంతరం ఇక్కడే. మ్యాపు చెప్పేది చక్రాలు ఆగకుండా తిరిగితే పట్టే సమయం. వెనక సీట్లో మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఉన్నారని, డిక్కీ నిండిపోయి కారు బరువెక్కిందని, చివర చేరబోయేది తాళం తీయాల్సిన ఖాళీ ఇల్లని దానికి తెలీదు. విహారయాత్రలో అలసిపోతే హోటల్లో పడుకుంటాం. ఇల్లు మారేటప్పుడు అలసిపోయి చేరితే, ఆ రాత్రి నడుం వాల్చడానికి మంచం కూడా ఉండదు. అందుకే ఇల్లు మారేవాళ్లు ముందు అడగాల్సింది 'ఏ దారి త్వరగా తీసుకెళ్తుంది' అని కాదు, 'ఏ రాత్రి ఎక్కడ పడుకుంటాం' అని. ఆ ఊళ్లు తేలితే దారి దానంతటదే తేలుతుంది.

వీరాస్వామి రాసుకున్నట్టు

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామి 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. హైదరాబాద్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా ప్రయాగ, కాశీ చేరుకున్నారు. దారిపొడవునా ఆయన శ్రద్ధగా రాసుకున్నది మజిలీల గురించే. ఫలానా ఊళ్లో అంగళ్లు ఉన్నాయా, నీళ్లు మంచివా, దిగడానికి చోటు ఉందా, తర్వాతి ఊరికి బాట ఎలా ఉంది అని వివరాలు పెట్టారు. 1838లో అచ్చయిన 'కాశీయాత్ర చరిత్ర'ను యాత్రా సాహిత్యంగానే చదువుతాం కానీ, వెనక వచ్చే కుటుంబాలకు దారి చూపే పుస్తకంగానూ అది అంతే విలువైనది. పల్లకీలూ బోయీలూ పోయి ఫాస్టాగులు వచ్చాయి. పిల్లలతో, పెద్దలతో బయల్దేరిన ఇంటికి పొద్దుగూకే వేళకు కావలసినవి మాత్రం ఇప్పటికీ నీళ్లు, తిండి, భయంలేని బస. వాటికి ఒక ఆసుపత్రిని కలుపుకోవాలి.

నాలుగు రోజులు, మూడు రాత్రులు

ఎన్‌హెచ్ 44 మీద హైదరాబాద్ నుంచి దిల్లీకి దాదాపు 1,550 కిలోమీటర్లు. మేడ్చల్, కామారెడ్డి, ఆర్మూరు, నిర్మల్, ఆదిలాబాద్ దాటి మహారాష్ట్ర. నాగపూర్ తర్వాత మధ్యప్రదేశ్. లలిత్‌పూర్, ఝాన్సీ దగ్గర ఉత్తరప్రదేశ్. గ్వాలియర్ దగ్గర మళ్లీ మధ్యప్రదేశ్. ధోల్‌పూర్ దగ్గర కాసేపు రాజస్థాన్. ఆగ్రాకు మళ్లీ ఉత్తరప్రదేశ్. దీన్ని నేను మూడు రాత్రులుగా విడగొడతాను: నాగపూర్, సాగర్, ఆగ్రా.

మొదటి రోజు 500 కిలోమీటర్లు. అన్ని రోజుల్లోకీ ఇదే పొడవైనది, ఉండాల్సింది కూడా అలాగే. ఒంట్లో ఓపిక ఉంటుంది. పొట్లాల్లో పులిహోర ఉంటుంది. నాగపూర్ దాకా రోడ్డు తెలిసినదిగానే అనిపిస్తుంది. తెల్లవారకముందే మేడ్చల్ దాటగలిగితే నిర్మల్ ముందు సోన్ దగ్గర గోదావరి మీదికి వచ్చేసరికి ఎండ ఇంకా ముదరదు. అక్కడ ఆగి నదికి దణ్ణం పెట్టుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ పావుగంట వృథా కాదు. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే తెలంగాణ అయిపోయినట్టే. పాండర్‌కవడ, హింగణ్‌ఘాట్ మీదుగా సాయంత్రానికి నాగపూర్ చేరతారు. వార్ధా రోడ్డు వైపు, విమానాశ్రయం పరిసరాల్లో బస చూసుకుంటే నగరం నడిబొడ్డుకు వెళ్లే పని ఉండదు. పొద్దున్నే ఔటర్ రింగురోడ్డు పట్టుకుని జబల్‌పూర్ రోడ్డులో కలవొచ్చు.

రెండో రోజును జాగ్రత్తగా చూడాలి. రెండ్రోజుల్లో చేరాలనుకునేవాళ్లు చేసే పొరపాటు ఇక్కడే ఉంది. వాళ్లు మొదటిరోజే నాగపూర్ దాటి, చీకట్లో పెంచ్ అడవిలోకి వెళ్తారు. పెంచ్ పులుల అభయారణ్యం పక్కనుంచి వెళ్లే ఈ రోడ్డును వెడల్పు చేసే పని అటవీ అనుమతుల కోసం, కోర్టు తీర్పుల కోసం ఏళ్లపాటు ఆగింది. చివరికి మహారాష్ట్ర వైపు దాదాపు 16 కిలోమీటర్ల ముక్కలో తొమ్మిది చోట్ల రోడ్డును పైకెత్తి, కింద జంతువులకు దారి వదిలారు. కొన్ని దారులు 50 మీటర్ల వెడల్పుంటే, పెద్దది 750 మీటర్లుంది. భారత వన్యప్రాణి సంస్థ పెట్టిన కెమెరాలకు ఆ వంతెనల కింద నడిచివెళ్లే పులులు చిక్కాయి. సియోనీ వైపు రోడ్డుకు అటూ ఇటూ గోడలు కట్టి మన హారన్లూ హెడ్‌లైట్లూ అడవిలోకి పోకుండా చేశారు. దేశం ఇంత శ్రమపడి కట్టుకున్న దారిని పగటిపూట, పిల్లలు మేలుకుని ఉన్నప్పుడు దాటాలి. పైన మనం, కింద పులి, ఎవరి దారిన వాళ్లు. ఆ సంగతి వాళ్లకు చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

సియోనీ తర్వాత లఖ్‌నాదోన్. అక్కడ దారి రెండుగా చీలుతుంది. కుడివైపుది జబల్‌పూర్, రీవా మీదుగా కాశీకి వెళ్లే పాత ఏడో నంబరు రహదారి. దిల్లీకి ఎడమవైపు తిరిగి నర్సింగ్‌పూర్ వెళ్లాలి. పాత కాశీ బాటను వదిలేది ఇక్కడే. నర్సింగ్‌పూర్ దాటాక బర్మాన్ దగ్గర నర్మద వస్తుంది. అక్కడినుంచి వింధ్య పర్వతాలు ఎక్కుతూ సాగర్ చేరతారు. నాగపూర్ నుంచి 390 కిలోమీటర్ల లోపే. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకే దిగిపోతారు. 'ఇంకా పొద్దుంది కదా, ఝాన్సీ దాకా పోదాం' అని కారు నడిపేవాళ్లకు తప్పకుండా అనిపిస్తుంది. మరో 200 కిలోమీటర్లే మరి. పోవద్దనే నా మాట. సాగర్ జిల్లా కేంద్రం, యూనివర్సిటీ ఉన్న ఊరు, ఆసుపత్రులున్న ఊరు. రెండోరోజు సాయంత్రం వెనక సీట్లో ఉన్నవారు కాళ్లు చాపుకోవాలి. లారీ ఏమీ మనకంటే ముందు చేరిపోదు. వేరే ఇళ్ల సామానుతో కలిపి ఎక్కించినది అయితే వారం కూడా పట్టొచ్చు.

మూడో రోజు సాగర్ నుంచి ఆగ్రా, దాదాపు 420 కిలోమీటర్లు. మాల్‌థోన్ దాటి లలిత్‌పూర్ జిల్లాలోకి వెళ్లేదాకా ట్యాంకు నింపకుండా ఓపిక పట్టండి. పన్నుల తేడా వల్ల 2025లో మధ్యప్రదేశ్‌లో కంటే ఉత్తరప్రదేశ్‌లో పెట్రోలు లీటరుకు సుమారు పది రూపాయలు తక్కువ ఉంది. బేత్వా దాటి ఝాన్సీ, దతియా, గ్వాలియర్ బైపాసుల మీదుగా వెళ్తే మొరేనా, ధోల్‌పూర్‌ల మధ్య చంబల్ నది వస్తుంది. ఒకప్పుడు బందిపోట్ల పేరు చెప్పి భయపెట్టిన ఈ లోయల మీద ఇప్పుడు నాలుగు వరుసల రోడ్డు. కింద నదిలో ఘరియల్ మొసళ్ల అభయారణ్యం. చీకటి పడేలోపు ఆగ్రా.

ఆగ్రాలో ఆగడం గురించే నాకు పట్టుదల ఎక్కువ. అక్కడినుంచి దిల్లీకి నాలుగు గంటలే కాబట్టి, అర్ధరాత్రి అయినా ఇంటికి చేరదామనే తొందర అందరికీ ఉంటుంది. చేరి ఏం చేస్తారు? సొసైటీ గేటు దగ్గర సెక్యూరిటీకి మీ పేరు తెలీదు. తాళంచెవి ఓనరు దగ్గరో ఏజెంటు దగ్గరో ఉంటుంది. గ్యాస్ ఉండదు, పాలు దొరకవు, నీళ్ల మోటారు ఎక్కడుందో తెలీదు. అదే ఆగ్రాలో పడుకుని పొద్దున్నే బయల్దేరితే పది, పదకొండు గంటలకు వెలుతురులో కొత్త ఇంటి ముందు ఉంటారు. ఎలక్ట్రీషియనూ ప్లంబరూ దొరికే వేళ అది. చివరి మజిలీ గమ్యానికి పూట ప్రయాణం లోపే ఉండాలి. మిగతా లెక్క ఎటు మారినా ఇది మాత్రం మారకూడదు.

పాలిపోయిన గీతల సంగతి

మ్యాపు చూపించే రెండో దారి నాగపూర్ నుంచి బేతూల్, ఇటార్సీ, భోపాల్, అక్కడినుంచి గుణ, శివపురి మీదుగా గ్వాలియర్. కొంత దూరం ఎక్కువ. బేతూల్, ఇటార్సీల మధ్య సాత్పురా అడవులూ ఘాట్లూ ఉన్నాయి. అయినా ఈ దారిని తీసిపారేయను. ఇంట్లో డయాలసిస్ అవసరమున్నవాళ్లో, గుండె జబ్బు ఉన్నవాళ్లో, నెలల బిడ్డో ఉంటే నడిమధ్యలో భోపాల్ లాంటి రాజధాని నగరం దొరకడం పెద్ద ధైర్యం. దారిలో ఔబేదుల్లాగంజ్ దగ్గరే భీంబేట్కా గుహలున్నాయి. అలాంటి కుటుంబానికి రెండో మజిలీ భోపాల్, మూడోది గ్వాలియర్ లేదా ఆగ్రా. మజిలీ మారింది కాబట్టి దారి మారింది, అంతే.

నాందేడ్, అకోలా మీదుగా ఇందౌర్ చేరి, కోటా దగ్గర దిల్లీ–ముంబై ఎక్స్‌ప్రెస్‌వే పట్టుకోవచ్చని మరికొందరు చెబుతారు. ఆ ఎక్స్‌ప్రెస్‌వేలో సోహ్నా–దౌసా భాగం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. సోహ్నా గురుగ్రామ్ జిల్లాలోనే ఉంది కాబట్టి ఆశ పుడుతుంది. అకోలా, ఇందౌర్‌ల మధ్య మాత్రం రోడ్డు విస్తరణ ఏళ్ల తరబడి ముక్కలుముక్కలుగా సాగింది. ఇల్లంతా కారులో పెట్టుకుని వెళ్లేటప్పుడు మట్టి డైవర్షన్లు ఎన్ని ఉన్నాయో ఆ వారంలో వెళ్లొచ్చినవాళ్లను అడిగి తెలుసుకోకుండా ఆ దారి పట్టొద్దు. నాగపూర్ నుంచి ఛింద్‌వాడా మీదుగా నర్సింగ్‌పూర్‌కు అడ్డదారి అని యాప్ చూపించినా అంతే. కొండ మలుపుల్లో మిగిలే కిలోమీటర్లకు విలువ లేదు.

కారు కరెంటుదైతే ఈ లెక్కంతా ఛార్జర్ల చుట్టూ తిరుగుతుంది. నాగపూర్ దాటాక ఏ ఊళ్లో ఫాస్ట్ ఛార్జర్ పనిచేస్తోందో ముందురోజు ఫోన్ చేసి కనుక్కోవాలి. రాత్రి బసలోనే ఛార్జింగ్ ఉంటే మరీ మంచిది.

ఎండ, వాన, పొగమంచు

మన బదిలీలన్నీ ఎండాకాలంలోనే. మే నెలలో విదర్భలో 45 డిగ్రీలు మామూలే. అప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకు కదిలి పదకొండుకల్లా ఆగి, సాయంత్రం నాలుగు తర్వాత మళ్లీ కదలడమే పెద్దల ఒంటికీ టైర్లకూ మేలు. టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద రెండు అంకెలుంటాయి. నిండు బరువుకు రాసిన అంకె చూసుకోవాలి. అది కూడా టైర్లు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే.

వానాకాలం బయల్దేరేవాళ్లు ప్రత్యామ్నాయ దారి ఒకటి మనసులో పెట్టుకోవాలి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాలో కురిసిన కుండపోతకు ఎన్‌హెచ్ 44 మీదే రాకపోకలు నిలిచిపోయాయి. బండ్లను వేరే దారుల్లోకి మళ్లించాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు దగ్గర తిరిగి హైవే ఎక్కొచ్చని తెలిసిన కుటుంబం అలాంటి రోజున నిలబడిపోదు. డిసెంబరు, జనవరి నెలల్లో గ్వాలియర్‌కు పైన పొగమంచు. యమునా ఎక్స్‌ప్రెస్‌వేపై పొగమంచు కాలంలో వేగ పరిమితిని తగ్గిస్తారు. పొద్దున్నే కదలాలన్న సూత్రం అప్పుడు పనికిరాదు. మంచు విడిచి ఎండ వచ్చాకే ఆగ్రా వదలాలి.

కారులో ఏముండాలి

లారీ రాకముందు రెండు మూడు రోజులు కొత్త ఇంట్లో బతకడానికి కావలసినంతే కారులో ఉండాలి. రెండు చాపలు, దుప్పట్లు, చిన్న కుక్కరు, ఇండక్షన్ పొయ్యి, కిలో బియ్యం, కందిపప్పు, చింతపండు, కారం, బకెట్టు, చెంబు. దేవుడి పటం, పాలు పొంగించడానికి గిన్నె. ఈ రెండూ లారీలోకి వెళ్లిపోతే ఇల్లాలి మనసు లారీతోనే ఉంటుంది. బరువైనవి డిక్కీలో అడుగున పెట్టాలి. వెనక అద్దంలోంచి రోడ్డు కనిపించాలి. గ్యాస్ బండను కారులోనే కాదు, లారీలోనూ పెట్టకూడదు. ఏజెన్సీలో అప్పగించి బదిలీ కాగితం తీసుకుంటే కొత్త ఊళ్లో కనెక్షన్ ఇస్తారు.

లారీలో వెళ్లే వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. జీఎస్టీ నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. సంతకం చేసిన సామాను జాబితా, బదిలీ ఆర్డరు నకలు డ్రైవరు దగ్గర ఉంటే సరిహద్దుల్లో మాట పెరగదు.

టోలు విషయం. సొంత కార్లకు 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక ఫాస్టాగ్ పాసు (అప్పట్లో ధర 3,000 రూపాయలు) ఏడాది లేదా 200 టోలు దాటింపులు, ఏది ముందైతే అది. జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది. యమునా ఎక్స్‌ప్రెస్‌వే రాష్ట్రానిది కాబట్టి అక్కడ చెల్లదు. ఫాస్టాగ్‌లో విడిగా డబ్బు ఉంచుకోవాలి. జాతీయ రహదారి మీద కారు ఆగిపోతే 1033కు, ప్రాణం మీదికి వస్తే 112కు ఫోన్ చేయాలి. ఈ రెండు నంబర్లూ పిల్లలకు కూడా నేర్పండి.

బయల్దేరే రోజు

బుధ, మంగళవారాలు ఉత్తరానికి శూల అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. దిల్లీ ఉత్తరమే. ఈ మాట మీద ఇళ్లలో చిన్నపాటి యుద్ధాలు జరుగుతాయి. నేను పెద్దవాళ్ల వైపే ఉంటాను. ఏళ్లుగా ఉన్న ఇల్లు వదిలి, ఎప్పుడూ చూడని ఊరికి వస్తున్న నాయనమ్మకు ఈ ప్రయాణంలో తన మాట చెల్లే చోటు అదొక్కటే. గురువారం పొద్దున బయల్దేరితే ఆదివారం పగలు చేరతారు. సోమవారం ఆఫీసుకు వెళ్లొచ్చు. ఆ రోజు తప్పనిసరై మారితే, మంచి ముహూర్తానికి ఒక సంచీని పక్కింట్లో ఉంచి ప్రస్థానం పెట్టే పద్ధతి ఉండనే ఉంది. ఆషాఢం, శూన్యమాసం పట్టింపులున్నవాళ్లు అద్దె ఒప్పందం రాసుకునే ముందే పంచాంగం చూసుకోవాలి. లారీకి అడ్వాన్సు ఇచ్చాక కాదు.

చివరి రోజు దారి

ఆగ్రా నుంచి ఎటు అన్నది కొత్త ఇల్లు ఎక్కడుందో దాన్నిబట్టే ఉంటుంది. నోయిడా, గ్రేటర్ నోయిడా అయితే 2012లో మొదలైన 165 కిలోమీటర్ల యమునా ఎక్స్‌ప్రెస్‌వేకు మించినది లేదు. ఫరీదాబాద్, దక్షిణ దిల్లీ అయితే మథుర, పల్వల్ మీదుగా పాత హైవే. గురుగ్రామ్ వెళ్లేవాళ్లు దిల్లీ నగరంలోకి అసలు పోకూడదు. పల్వల్ దగ్గర కుండ్లీ–మానేసర్–పల్వల్ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి సోహ్నా వైపో, మానేసర్ వైపో దిగాలి. పెద్ద లారీలను పగలు దిల్లీలోకి రానివ్వరు. చాలా సొసైటీలు సామాను దించడానికి వేళలు పెడతాయి. కాబట్టి లారీ ఏ గేటుకు, ఎన్ని గంటలకు రావాలో సొసైటీ ఆఫీసులో అనుమతి తీసుకుని డ్రైవరుకు ముందే చెప్పాలి.

ఒక్క పని మాత్రం హైదరాబాద్ వదలకముందే అయిపోవాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి కారు ఉంచితే అక్కడి నంబరుకు మార్చుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. దానికి ఇక్కడి ఆర్టీఏ నుంచి 28వ నంబరు ఫారంతో ఎన్‌వోసీ కావాలి. కారు మీద అప్పుంటే బ్యాంకు సమ్మతి కూడా కావాలి. పెట్టెలు సర్దే హడావుడిలో దీన్ని వాయిదా వేసినవాళ్లు తర్వాత సెలవు పెట్టుకుని ఇంత దూరం వెనక్కి తిరగాల్సి వస్తుంది. బదిలీలు మళ్లీ మళ్లీ వచ్చే ఉద్యోగమైతే, తర్వాతి కారుకు 2021 సెప్టెంబరులో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు తీసుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో ఆఫీసులున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు అది దొరుకుతుంది. పాత డీజిల్ కారుతో దిల్లీ వెళ్లేవాళ్లు ఇంకొక్కటి కూడా చూసుకోవాలి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై అక్కడ 2015 నుంచి ట్రిబ్యునల్ ఆదేశాలు, ఆపై సుప్రీంకోర్టు ఉత్తర్వులు వస్తూ, మారుతూ ఉన్నాయి. బయల్దేరే నాటికి ఏ ఉత్తర్వు అమల్లో ఉందో తెలుసుకోండి. ఆ కారును హైదరాబాద్‌లోనే అమ్మేసి రైలెక్కడం మేలని తేలితే, బెర్తులు అరవై రోజుల ముందే బుక్ చేసుకోవాలి.